స్కర్టింగ్ కింద సందు మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది?

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్లు తరచూ చెప్పే మాట ఇది: స్కర్టింగ్‌కీ (గోడ అడుగున అతికించే టైల్ పట్టీకీ) ఫ్లోరింగ్‌కీ మధ్య సందు పడింది, మేస్త్రిని పిలిచి వైట్ సిమెంట్ పెట్టించాం, ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చింది. పాపం మేస్త్రిని అంటాం గానీ, అసలు సంగతి నేల కింద ఉంది.

స్కర్టింగ్ గోడకి అతుక్కుని ఉంటుంది, గోడ పునాది మీద నిలబడుతుంది. ఫ్లోరింగ్ మాత్రం బేస్‌మెంట్‌లో నింపిన మట్టి మీద ఉంటుంది. ఆ మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టకుండా ట్రాక్టర్లతో ఒకేసారి పోసేస్తే అది తర్వాత మెల్లగా అణుగుతుంది. గోడ అక్కడే ఉంటుంది, నేల దిగుతుంది. నెల్లూరులో పెన్నా ఒడ్డు ఇసుక నేలల్లో అయితే కథ దాదాపు ఇంతే, కొన్నాళ్లకి ఆగిపోతుంది.

నల్లరేగడి అలా ఊరుకోదు. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం పలకలు పలకలుగా ఉంటుంది, పలకల మధ్యకి నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు చూస్తాం కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకి అవే పూడుకుపోతాయి. ఇంటి మధ్యభాగం కింద తేమ అంతగా మారదు, బయటి గోడల అంచున మారుతుంది, అందుకే సందు కూడా అక్కడే ఎక్కువ.

వైట్ సిమెంట్ గట్టిపడ్డాక సాగదు. వేసవిలో నింపితే వానల్లో నేల లేచి దాన్ని నొక్కుతుంది, ఒక్కోసారి స్కర్టింగ్ టైలే ఊడుతుంది. వానల్లో నింపితే వేసవికి దాని పై అంచున వెంట్రుకంత గీత పడుతుంది, ఆ గీత పొడవునా చీమలు తోడిపోసిన సన్నటి మట్టి కనిపిస్తుంది, ఇల్లు తుడిచిన నీళ్లు అందులోకే దిగుతాయి.

కాబట్టి అక్కడ సాగేది పెట్టాలి, అంటే ట్యూబులో వచ్చే, ఆరాక రబ్బరులా సాగే సిలికాన్ సీలెంట్. నా మటుకు సంక్రాంతి తర్వాత, సందు మరీ వెడల్పూ మరీ ఇరుకూ కాని రోజుల్లో చేయడమే మేలు. పాత సిమెంటు పూర్తిగా గీకేసి, దుమ్ము దులిపి, తడి ఆరనివ్వాలి. సందు లోతుగా ఉంటే ముందు ఫోమ్ తాడు దూర్చాలి, ఎందుకంటే సీలెంట్ పైన స్కర్టింగ్‌కీ కింద టైల్‌కీ మాత్రమే అతుక్కోవాలి, వెనక గోడకి కూడా అతుక్కుంటే సాగే వీలులేక చిరుగుతుంది. కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది పాలరాయినీ కడప బండనీ తినేస్తుంది. చీమకుర్తి గ్రానైట్‌కి ఆ భయం పెద్దగా లేకపోయినా వెనక ఉన్నది సిమెంటే కదా, దాన్నీ ఆ ఆమ్లం తింటుంది.

సందులో చెదల మట్టి గొట్టాలు కనిపించినా, గోడల మీద ఏటవాలు పగుళ్లు ఉన్నా, టైల్ తడితే డొల్లగా మోగినా ముందు వాటి సంగతి చూడండి, ట్యూబ్ తర్వాత కొనొచ్చు.