ముందు తెర, తర్వాతే ప్రొజెక్టర్

ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలనుకునేవాళ్లు చాలామంది మొదట ప్రొజెక్టర్ కొంటారు. గోడ మీద ఎంత బొమ్మ పడితే అంత తెర వేయిస్తారు. మిగిలిన చోట సోఫా వేస్తారు. ఈ వరస మొత్తం తిరగేయాలని నా అభిప్రాయం. ఎక్కడ కూర్చుంటామో ముందు తేల్చుకోవాలి. దాన్నిబట్టి తెర కొలత, తెర రకాన్నిబట్టి ప్రొజెక్టర్ ఉండే చోటు వాటంతటవే తేలతాయి.

100 అంగుళాల తెరనే తీసుకుందాం. ఆ 100 అన్నది మూల నుంచి మూలకు కొలత. 16:9 నిష్పత్తిలో దాని వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. తెర వెడల్పు మన చూపులో 30 నుంచి 40 డిగ్రీల దాకా ఆక్రమిస్తే సినిమా హాల్లో కూర్చున్న భావన కలుగుతుంది. ఈ తెరకు ఆ లెక్కన పదమూడున్నర అడుగుల నుంచి 10 అడుగుల దూరం వస్తుంది. 12×15 గదిలో ఇది హాయిగా ఇముడుతుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా వరసకు 1,920 పిక్సెళ్లు, అంటే చుక్కలు ఉంటాయి. ఒక్కో పిక్సెల్ ఈ తెర మీద 1.15 మిల్లీమీటర్లు ఉంటుంది. మంచి చూపున్న కన్ను దాన్ని 13 అడుగుల దాకా విడిగా పట్టగలదు. పిక్సెల్ అందులో సగమే ఉండే 4కే అయితే ఆరున్నర అడుగులు దాటాక పట్టలేదు. అందుకే 10 అడుగుల్లో కూర్చునేవాళ్లకు 4కే మీద పెట్టే డబ్బు వృథా కాదు.

ఇక ప్రొజెక్టర్ దూరం. దాదాపు ప్రతి ప్రొజెక్టర్ వివరాల్లోనూ ‘త్రో రేషియో’ అని ఒక అంకె ఉంటుంది. తెర వెడల్పును దానితో గుణిస్తే లెన్స్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. 1.2 అయితే మన తెరకు 8.7 అడుగులు, 1.5 అయితే దాదాపు 11. 1.2 నుంచి 1.5 దాకా జూమ్ ఉన్న మోడల్‌కి ఈ రెండింటి మధ్య ఎక్కడైనా బిగించే వెసులుబాటు ఉంటుంది. వీలైతే దగ్గరి వైపే బిగించండి. చాలా జూమ్ లెన్సులు దూరపు కొసకు వెళ్లేకొద్దీ కొంత వెలుతురును మింగేస్తాయి.

అసలు చిక్కు ఎత్తుతో వస్తుంది. ప్రొజెక్టర్‌ని సీలింగ్‌కి బిగించి, బొమ్మ తెర మీద పడేలా మూతి కిందికి వంచుతారు. అలా వంచగానే తెర కింది అంచుకు వెళ్లే కాంతి ఎక్కువ దూరం ప్రయాణించి ఎక్కువగా విచ్చుకుంటుంది. 1.5 త్రో ఉన్న ప్రొజెక్టర్‌ని 15 డిగ్రీలు వంచితే పైన 87 అంగుళాలున్న బొమ్మ కిందికొచ్చేసరికి సుమారు 96 అంగుళాలవుతుంది. రిమోట్‌లో ‘కీస్టోన్’ నొక్కితే క్షణంలో సరైపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి జరిగేది వేరు. ప్రొజెక్టర్ కింది వరసలో 1,920 పిక్సెళ్లు వాడటం మానేసి 1,735 దగ్గర సరిపెట్టుకుంటుంది. మిగిలినవాటిని నల్లగా ఆర్పుతుంది. సన్న గీతలు, సినిమా చివర పేర్లు, సబ్‌టైటిల్స్ అలుక్కుపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. పైగా ఆర్పేసిన పిక్సెళ్ల నుంచి కూడా కొద్దిగా వెలుతురు కారుతూనే ఉంటుంది. చీకటి గదిలో తెర పక్కన బూడిదరంగు చీలికలుగా అది కనబడిపోతుంది.

మరి వంచకుండా బొమ్మను కిందికి దించడం ఎలా? ఆ ఏర్పాటు ప్రొజెక్టర్‌లోనే ఉంది. లోపల బొమ్మను తయారుచేసే చిప్‌ని లెన్స్ మధ్యగీత నుంచి కాస్త పైకో కిందికో జరిపి అమరుస్తారు. అందువల్ల బల్లమీద సమతలంగా పెట్టినా చాలా ప్రొజెక్టర్ల బొమ్మ లెన్స్ మట్టం నుంచి పైకి లేస్తుంది. అదే ప్రొజెక్టర్‌ని తలకిందులుగా బిగించి మెనూలో బొమ్మను తిప్పితే లెన్స్ మట్టం నుంచి కిందికి దిగుతుంది. అంటే లెన్స్ తెర పై అంచుకు దాదాపు సమానమైన ఎత్తులో ఉండాలి. స్లాబ్‌కి అతికించినట్టు బిగిస్తే కుదరదు, రాడ్ కావాలి. ‘లెన్స్ షిఫ్ట్’ ఉన్న ఖరీదైన మోడళ్లలో లెన్స్‌నే పైకీ కిందికీ జరపవచ్చు. ఒక్క పిక్సెల్ కూడా పోదు. నన్నడిగితే ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టర్ ఇచ్చే వెలుతురు కాస్త తగ్గినా ఇదున్న ప్రొజెక్టరే మేలు.

తెర రకాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మామూలు తెల్లటి మ్యాట్ తెర తన మీద పడ్డ కాంతిని అన్ని వైపులా సమానంగా వెదజల్లుతుంది. దానికి ప్రొజెక్టర్ పైనున్నా ఒకటే, కిందున్నా ఒకటే. కానీ పగటి వెలుతురును తట్టుకుంటాయని అమ్మే బూడిదరంగు తెరల్లో చాలావాటి పద్ధతి వేరు. క్యారమ్ బోర్డులో కాయ అంచుకు తగిలి అవతలికి మళ్లినట్టు, పైనుంచి పడ్డ కాంతిని అవి కిందికి మళ్లిస్తాయి. వాటికి సీలింగ్ ప్రొజెక్టర్ సరైన జోడీ. గాజు పూసల తెర దీనికి పూర్తిగా విరుద్ధం. హైవే బోర్డుల్లా కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. సీలింగ్ నుంచి వేస్తే మెరుపంతా సీలింగ్‌కే పోతుంది. ప్రొజెక్టర్ మన తల ఎత్తున, వెనక బల్లమీద ఉంటే బొమ్మ వెలిగిపోతుంది. తెర కిందే టేబుల్ మీద ఒదిగే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ల కోసం చేసే తెరల మీద రంపపు పళ్లలాంటి సన్న గాట్లుంటాయి. కిందినుంచి వచ్చే కాంతిని అవి మనవైపు తిప్పుతాయి, పైనుంచి వచ్చేదాన్ని మింగేస్తాయి. ఆ తెరకు సీలింగ్ ప్రొజెక్టర్ పెడితే బొమ్మ చచ్చిపోతుంది.

అల్ట్రా షార్ట్ త్రోకి వదులుగా వేలాడే మామూలు రోలర్ తెర కూడా పనికిరాదు. కాంతి వెలువడే అద్దం తెరకు 16 అంగుళాల దూరంలో, తెర పై అంచుకు 60 అంగుళాల కింద ఉందనుకోండి. పై అంచు దగ్గర తెర 2 మిల్లీమీటర్లు ఉబ్బితే బొమ్మ అక్కడ ఏడున్నర మిల్లీమీటర్లు జారుతుంది. ఫ్యాన్ గాలికి తెర కదిలితే తిన్నటి గీతలన్నీ అలల్లా ఊగుతాయి. నాలుగు వైపులా బిగించిన ఫ్రేమ్ తెర దానికి మేలు.

వెలుతురు సంగతి కూడా లెక్కేస్తేనే తెలుస్తుంది. 2,000 ల్యూమెన్లు మన తెరమీద పరుచుకుంటే సుమారు 730 లక్స్, అంటే చదరపు మీటరుకు అన్ని ల్యూమెన్లు. గదిలోని వెలుతురు వల్ల తెరమీద ఇంకో 50 లక్స్ పడుతోందంటే, నలుపు అన్నచోట కూడా ఆ 50 ఉంటుంది. తెలుపు నలుపుకి పదిహేనున్నర రెట్లే అవుతుంది. రాత్రి సన్నివేశాల్లో ముఖాలు పోల్చుకోలేకపోవడం అందుకే. దీనికి ఇంకాస్త పెద్ద ప్రొజెక్టర్ కొనేకంటే మందపాటి కర్టెన్లు వేసుకోవడం, తెర చుట్టుపక్కల గోడకు ముదురు రంగు కొట్టించడం చాలా చవక.

మన ఇళ్లలో ఇంకొకటి చూసుకోవాలి. హాలు నడుమ వేలాడే సీలింగ్ ఫ్యాన్. వెనకనుంచి వచ్చే కాంతి దారిలో రెక్కలు అడ్డొస్తే బొమ్మ మీద నీడలు గిర్రున తిరుగుతాయి. లెన్స్ నుంచి తెర పై అంచు రెండు మూలలకూ, నడిమికీ దారం లాగి చూస్తే రెక్కలు తగులుతాయో లేదో ముందే తెలిసిపోతుంది. స్లాబ్‌కి డ్రిల్ వేయకముందు ప్రొజెక్టర్‌ని స్టూళ్ల మీద అదే ఎత్తున నిలిపి, కీస్టోన్ సున్నాకి పెట్టి, గళ్ల ప్యాటర్న్ వేయండి. టేపుతో రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా రాకపోతే ప్రొజెక్టర్ మూతి తెరకు సూటిగా లేనట్టు. అవి కలిశాక పై వెడల్పు, కింది వెడల్పు కూడా కొలిచి చూసి, అప్పుడు గుర్తు పెట్టండి.