గ్యాస్ గొడవ వెనక బురద కథ

సముద్రంలో తవ్వకాలకి మత్స్యకారుల పరిహారం ఎంత, ఎన్నాళ్లు? కోనసీమ తీరంలో ఈ గొడవ మళ్లీ రాజుకుంది. పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి మంటలెగిసిన బ్లోఅవుట్, ఇక్కడ భారీగా గ్యాస్ ఉందంటూ 2005లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీ పేరిట వచ్చిన ప్రకటన అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. అసలు మలుపు 2006లో ఉంది.

ఆ ఏడాది జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో, సుమారు కిలోమీటరు లోతు నీళ్ల అడుగున తవ్వింది. ఒకచోట బంకమట్టి పగుళ్లలో 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ దొరికింది. చూడ్డానికి మంచుగడ్డే, అగ్గిపుల్ల పెడితే అంటుకుంటుంది.

ఆ గ్యాస్ ఎలా పుడుతుందో మొదటి అంకం కోరంగి మడ కాలవల్లో పడవ నడిపేవాళ్లకి కొత్త కాదు. గెడ దింపి లాగితే నల్ల బురద, కుళ్లిన కోడిగుడ్డు కంపు. గోదారి తెచ్చిన ఆకూ అలమూ, సముద్రంలో చచ్చిన జీవులూ మట్టితో పాటు అడుక్కి చేరతాయి. ఆక్సిజన్ అయిపోయాక ఉప్పునీటి సల్ఫేట్‌తో బతికే సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. ఆ కంపు వాటిదే. సల్ఫేట్ కూడా నిండుకున్నచోట మీథేన్ గ్యాస్ చేసేవాటి వంతు. లోతు సముద్రంలో నీటి బరువు, చలి కలిసి ఆ మీథేన్‌ని నీటితో పాటు గడ్డకట్టిస్తాయి. అదే హైడ్రేట్.

అదే ఓడ అండమాన్ దగ్గరా తవ్వింది. అక్కడ భూమి పైపెంకు ముక్కల్లో ఒకటైన భారత పలక, పక్కనున్న బర్మా పలక కిందికి దూరుతుంది. హైడ్రేట్ అగ్నిపర్వత బూడిద పొరల్లో దొరికింది. మన దగ్గర పలకల కుమ్ములాట లేదు. నది పోసిన మట్టి తన బరువుకి తానే జారి పగిలింది. ఆ పగుళ్లే గ్యాస్‌కి దారి.

కిలోమీటరు లోతులో ఎవరూ వల వెయ్యరు కదా అన్నది తవ్వేవాళ్ల వాదన. నిజమే. కానీ గ్యాస్ ఎక్కడ తీసినా పైపులైను ఒడ్డుకే రావాలి, ఓడలరేవుకో గాడిమొగకో. అది పడే దారి చేపల దారే అంటారు మత్స్యకారులు. తవ్వే రిగ్గు చుట్టూ 500 మీటర్ల లోపు పడవలు వెళ్లకూడదు. చుట్టూ తిరిగితే డీజిల్ ఎవరిస్తారు? పని ముగిసి రిగ్గు వెళ్లిపోగానే చేప తిరిగొస్తుందని ఎవరు చెప్పారు? దీనికి ఇంతవరకు సూటిగా జవాబు రాలేదు.

2022లో ఓఎన్‌జీసీ పైపులైను పనులకి 23,458 కుటుంబాలకి నెలకి రూ. 11,500 చొప్పున నాలుగు నెలలకి పరిహారం లెక్కగట్టారు. ఇక్కడ హైడ్రేట్ నుంచి గ్యాస్ తీయడం ఇంకా మొదలవలేదు. మొదలైతే ఏళ్ల తరబడి సాగే పని. దానికీ ఈ నాలుగు నెలల లెక్కేనా అన్నదే ఇప్పుడు తీరంలో టెన్షన్.