పన్నెండు చేపలకు నాలుగు పర్మిషన్లు ఎందుకు?

పగడపు దిబ్బ మీద చిటికెన వేలంత కూడా లేని ఒక గోబీ చేప ఉందనుకోండి. పరిశోధనకు అలాంటివి 12 కావాలి, అంతే. కొన్నిటి రెక్క అంచు కత్తిరించి, ఆ ముక్కని ఆల్కహాల్‌లో వేసి, చేపని వదిలేస్తారు, కొన్నిటిని మ్యూజియంలో పెడతారు. దానికోసం మత్స్యశాఖ దగ్గర ఒక పర్మిషన్, సముద్ర పార్కు వాళ్ల దగ్గర ఒకటి, యూనివర్సిటీలో జంతు సంక్షేమ కమిటీ దగ్గర ఒకటి, శాంపిల్ దేశం దాటాలంటే ఇంకొకటి. అదే దిబ్బ అంచున లైసెన్సున్న పడవ తెల్లవారేసరికి బుట్టలకొద్దీ చేపలు పట్టుకుని వెళ్లిపోతుంది. ఈ తేడా చూసి కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్లకు ఒళ్లు మండుతుంది. అది న్యాయమైన కోపమే. కానీ ఆ పర్మిషన్ల ఫారంలోని ప్రశ్నలు ఎక్కణ్నుంచి వచ్చాయో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే వాటిలో చాలావరకు ఆఫీసులో కూర్చుని ఊహించి రాసినవి కావు, ఎక్కడో ఒక దిబ్బ మీద జరిగినదాన్ని చూసి రాసినవి.

మొదట్లో అడగడం అనే పద్ధతే లేదు. పీటర్ బ్లేకర్ అనే డచ్ సైనిక వైద్యుడు 1842లో బటావియా, అంటే ఇప్పటి జకార్తా, వెళ్లి 1860 దాకా ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. వైద్యం చేస్తూనే చేపల బజారుకు వెళ్లి కొత్తగా కనిపించిన ప్రతి చేపనీ కొనేవాడు, మిగతా దీవుల్లో ఉన్న తోటి వైద్యులు, అధికారులు సీసాల్లో సారాయి పోసి చేపలు వేసి పంపేవాళ్లు. ఈ రోజుకీ ఇండో-పసిఫిక్ దిబ్బల చేపల పేర్లు వెతుకుతుంటే ఆయన పేరు తగలకుండా ఉండదు. ఆయన పని గొప్పది, అందులో నాకు సందేహం లేదు. అయితే పేరు బ్లేకర్‌కు వచ్చింది, చేప నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియానికి వెళ్లింది, పట్టిన జాలరికి ఆ రోజు ధర దక్కింది. తర్వాత వందేళ్లపాటు దాదాపు ఇదే ఏర్పాటు నడిచింది. డైనమైట్ పేల్చి తేలిన చేపల్ని ఏరుకున్న శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు.

బికినీ దగ్గర ఇది మరో స్థాయికి వెళ్లింది. 1946 మార్చిలో అమెరికా నౌకాదళం మార్షల్ దీవుల్లోని బికినీ నుంచి 167 మందిని ఖాళీ చేయించింది. జూలైలో అక్కడ రెండు అణుబాంబులు పేల్చారు. ఆ పరీక్షల్లో భాగంగానే దిబ్బ మీద చేపల్ని సేకరించడానికి అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చెందిన లెనార్డ్ షుల్ట్జ్ వెళ్లాడు, 1947లో మళ్లీ సర్వే జరిగింది. రోటినోన్ అనే విషం ఉన్న వేళ్ల పొడిని నీళ్లలో కలిపి వేల సంఖ్యలో చేపలు పట్టారు. మార్షల్ దీవుల చేపల మీద తర్వాత వచ్చిన పెద్ద గ్రంథానికి ఆ శాంపిల్సే పునాది, ఇప్పటికీ వాటిని తిరగేయకుండా ఆ ప్రాంతం మీద పని చేయలేం. ఆ దిబ్బ మీద తరతరాలుగా చేపలు పట్టుకుని బతికినవాళ్లు మాత్రం అప్పటికి, తమని తరలించిన రొంగెరిక్ దీవిలో తిండి చాలక అవస్థ పడుతున్నారు. ఫారంలో ‘స్థానిక ప్రజల సమ్మతి తీసుకున్నారా’ అన్న గడి కనిపిస్తే నాకు మొదట బికినీయే గుర్తొస్తుంది.

రోటినోన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పర్మిషన్ల గొడవలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది. డెర్రిస్ లాంటి మొక్కల వేళ్లలో ఉంటుందది. ఆగ్నేయాసియా, పసిఫిక్, దక్షిణ అమెరికా ప్రజలు ఆ వేళ్లు దంచి నీళ్లలో కలిపి చేపలు పట్టడం ఎప్పట్నుంచో ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. మొప్పల గుండా ఒంట్లోకి వెళ్లి, కణాలు ఆక్సిజన్‌ని వాడుకోకుండా చేస్తుంది. నీళ్లలో తెల్లటి మబ్బులా అది పరుచుకున్న కొద్ది నిమిషాలకు, అంతవరకు ఖాళీగా కనిపించిన రాతి పగుళ్లలోంచి చేపలు బయటికొస్తాయి. గోబీలు, బ్లెన్నీలు, సన్నటి ఈల్ పిల్లలు తూలుతూ వచ్చి ఇసుక మీద ఒరిగిపోతాయి. డైవర్ చేతివలతో ఒక్కొక్కటీ ఏరుకోవాలి, ఆలస్యమైతే పెద్ద చేపలు వచ్చి తినేస్తాయి. ఆ కాసేపట్లో ఆ మూలన ఉన్న చేపలన్నీ చనిపోతాయి, మనకు కావాల్సినవీ, అక్కర్లేనివీ.

మరి చంపకుండా లెక్కపెట్టలేమా? 1954లో హవాయిలో వెర్నన్ బ్రాక్ ఒక పద్ధతి రాశాడు: దిబ్బ మీద ఒక గీత వెంబడి ఈదుతూ కనిపించిన చేపల్ని పలక మీద రాసుకోవడం. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నది దాని వారసులనే. కానీ కళ్లతో లెక్కపెడితే కనిపించినవే లెక్కలోకి వస్తాయి. పగుళ్లలో దాక్కునే చిన్న చేపలు, దిబ్బ మీది చేపల్లో ఎంతో భాగం అవే, తప్పిపోతాయి. 2000లో అకర్‌మన్, బెల్‌వుడ్ అనే శాస్త్రవేత్తలు వల కట్టిన చిన్న చోట్లలో రోటినోన్ వాడి ఈ లోటు ఎంత పెద్దదో చూపించారు. 2008లో రాబర్ట్‌సన్, స్మిత్-వానిజ్ అయితే, కొద్ది మోతాదులో, చిన్న చోట్లలో వాడితే జరిగే నష్టం స్వల్పమనీ, దాన్ని అనవసరంగా భూతంలా చూస్తున్నారనీ వాదించారు. వాళ్ల వాదనలో బలం ఉందని నేను నమ్ముతాను. అయినా చాలా చోట్ల అధికారులు దానికి ఒప్పుకోరు, లవంగ నూనె వాడమంటారు. ఆల్కహాల్‌లో కలిపిన లవంగ నూనెని పిండే సీసాతో రాయి కిందకి కొడితే చేప మెల్లగా పక్కకి ఒరుగుతుంది, వలలోకి తీసుకుని కొలిచి, రెక్క ముక్క కత్తిరించి, శుభ్రమైన సముద్రపు నీటి ప్రవాహంలో పెడితే మళ్లీ తేరుకుంటుంది. ‘ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని చదరపు మీటర్లు, అనుకోకుండా చచ్చే ఇతర చేపలెన్ని’ అన్న ప్రశ్నలు ఈ చరిత్రలోంచి పుట్టినవే.

దేశాల సంగతికొస్తే, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం పెద్ద మలుపు. 200 నాటికల్ మైళ్ల లోపల పరిశోధన చేయాలంటే తీర దేశం సమ్మతి ఉండాలి, ఆరు నెలల ముందే వివరాలివ్వాలి, వాళ్ల శాస్త్రవేత్తలకు పాల్గొనే అవకాశం కల్పించాలి. నాలుగు నెలల్లో జవాబు రాకపోతే సమ్మతి ఉన్నట్టే అనుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందులో ఉంది. కొంతమంది దీన్ని నమ్ముకుని కూర్చుంటారు, అది పొరపాటు. ఎక్కువ పగడపు దిబ్బలు తీరానికి దగ్గర్లో, 12 మైళ్ల ప్రాదేశిక జలాల్లోనే ఉంటాయి, అక్కడ ఆ దేశం స్పష్టంగా సరే అనాల్సిందే. మౌనం అక్కడ పనికిరాదు.

పదేళ్ల తర్వాత, 1992లో రియోలో జీవవైవిధ్య ఒప్పందం వచ్చింది, ఏ దేశపు జీవ సంపద మీద హక్కు ఆ దేశానిదే అని తేల్చింది. ఒక చేప ముక్క మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ ముక్కలో ఏముందో ముందే ఎవరూ చెప్పలేరు కాబట్టి. కోనస్ మేగస్ అనే దిబ్బల నత్త విషం మీద ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన పరిశోధన చివరికి జికోనొటైడ్ అనే నొప్పి మందుగా మారింది, 2004లో అమెరికాలో దానికి ఆమోదం దొరికింది. ఆ ఫిలిప్పీన్స్ 1995లోనే, అందరికంటే ముందుగా, విదేశీయులకైనా స్వదేశీయులకైనా ముందస్తు సమ్మతి తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. అది మరీ బిగించేసింది. మందుల కంపెనీనీ, చేపల జాబితా రాసుకునే విద్యార్థినీ ఒకే గాటన కట్టడంతో సొంత యూనివర్సిటీల పనులే నిలిచిపోయాయి. 2001లో కొత్త చట్టం తెచ్చి మామూలు శాస్త్ర పరిశోధనని వాణిజ్య అన్వేషణ నుంచి విడదీయాల్సి వచ్చింది. ఈ పాఠం తెలిసి కూడా తర్వాత చాలా దేశాలు అదే తప్పు చేశాయి, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. 2010లో కుదిరి 2014లో అమల్లోకి వచ్చిన, జీవవైవిధ్య ఒప్పందానికి అనుబంధమైన నగోయా ప్రొటోకాల్‌లో, వాణిజ్యేతర పరిశోధనకు తేలిక పద్ధతులు పెట్టండి అని రాసే ఉంది. ఆ వాక్యాన్ని పట్టించుకున్న ఆఫీసుల్లో పని తొందరగా అవుతుంది.

సముద్రపు గుర్రాలు, నెపోలియన్ రాస్ అనే పెద్ద దిబ్బ చేప లాంటివైతే, ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైటీస్ జాబితాలో ఉన్నాయి కాబట్టి సీసాలో చిన్న ముక్క సరిహద్దు దాటినా వేరే కాగితం కావాలి. జంతు సంక్షేమ కమిటీలది ఇంకో దారి: 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాలు, అంటే వీలైతే జంతువు లేకుండా చేయి, తక్కువ వాడు, బాధ తగ్గించు. చేపకు నొప్పేమిటి అన్నవాళ్లకు 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల్లో నొప్పిని పసిగట్టే నరాలు చూపించి జవాబు చెప్పింది. ‘12 ఎందుకు, 8 చాలవా’ అని కమిటీ అడిగితే అది వేధింపు కాదు, దానికి గణాంకాలతో జవాబు సిద్ధంగా ఉండాలి.

కాగితం మీద లేని పర్మిషన్ ఒకటుంది. ఫిజీలో తీరపు నీళ్లలో చేపల వేట హక్కులు ఊళ్ల పేరిట నమోదై ఉంటాయి. రాజధానిలో ముద్ర వేయించుకుని నేరుగా పడవెక్కితే కుదరదు. ముందు ఊరికి వెళ్లి, యంగోనా (అక్కడి సంప్రదాయ పానీయం చేసే మొక్క) వేళ్ల కట్ట పెద్దల ముందు పెట్టి, సెవుసెవు అనే స్వాగత లాంఛనం జరిపించుకుని, ఎందుకొచ్చారో చెప్పాలి. ఆ కూర్చోవడంలోనే ఏ దిబ్బ మీద ఈ ఏడాది వేట మానేశారో, ఎక్కడ దిగకూడదో తెలుస్తుంది.

మాల్దీవుల్లో 1990ల నుంచీ తెలిసిన ఒక గులాబీ రంగు రాస్ చేపని, హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో దొరికిన వేరే జాతి అనుకుంటూ వచ్చారు. దాన్ని కొత్త జాతిగా తేల్చి 2022లో సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా అని పేరు పెట్టారు. దివేహి భాషలో ఆ మాటకి గులాబీ అని అర్థం. రచయితల్లో మాల్దీవుల శాస్త్రవేత్త అహ్మద్ నజీబ్ ఒకరు. వందల చేప జాతులున్న ఆ దేశంలో, ఒక కొత్త చేపని వర్ణించడంలో స్థానికుడు భాగం కావడం అదే మొదటిసారి. బ్లేకర్ బటావియాలో అడుగుపెట్టిన 180 ఏళ్లకు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. లీటరు సముద్రపు నీళ్లు వడగట్టి, అందులోని డీఎన్ఏతో ఆ దిబ్బ మీద ఏయే చేపలున్నాయో చెప్పేస్తున్నారు. వల లేదు, మందు లేదు, ఒక్క చేపా చావదు. ఆ నీళ్లకు పర్మిషన్ కావాలా? కొన్ని చోట్ల ఇది కూడా జన్యు సంపదే అంటున్నారు, కొన్ని చోట్ల ఫారంలో దానికి గడే లేదు. కంప్యూటర్‌లోకి చేరిన జన్యు క్రమాల సంగతి ఇంకా కష్టం, వాటి నుంచి వచ్చే లాభంలో వాటా పంచడానికి 2025 ఫిబ్రవరిలో కాలీ ఫండ్ మొదలైంది. అందుకని నీళ్ల సీసా ఒక్కటే తీసుకెళ్తున్నా సరే, దరఖాస్తులో ఆ సీసా గురించి ఒక వాక్యం రాసి పెట్టండి, దాన్ని ఎవరు చదివి ఏమంటారో పడవ ఎక్కకముందే తెలిసిపోతుంది.