పినో న్వార్ రుచి: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరానికి నైరుతి దిక్కున, విలామెట్ లోయలో డండీ కొండలు ఉన్నాయి. ఆ కొండల మీద వైన్ తయారుచేసే ఒక వైనరీలో, వచ్చినవారికి వైన్ పోసి, రుచి చూపించి, దాని సంగతులు వివరించడం నా వృత్తి. ఇక్కడ ప్రధానంగా పండేది పినో న్వార్ అనే నల్ల ద్రాక్ష, దానితో చేసే ఎర్ర వైన్‌నూ ఆ పేరుతోనే పిలుస్తారు. పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్‌లలో ఉద్యోగాలు చేసే తెలుగువారు వారాంతాల్లో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకుని, మా వైనరీకి వస్తుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: రంగు పలుచగా ఉంటే అది నీళ్ల వైన్.

గ్లాసులో పోయగానే ఎక్కువమంది అనే మొదటి మాట ఇదే. ద్రాక్ష గుజ్జుకు రంగు ఉండదు. కోతల రోజుల్లో ఒక పినో న్వార్ పండును వేళ్ల మధ్య నలిపి చూపిస్తే, అంత నల్లని పండులోంచి దాదాపు తెల్లని రసం కారడం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. ఫ్రాన్స్‌లో ఇదే పండుతో తెల్లని షాంపేన్ తయారవుతున్నది కూడా ఈ కారణం చేతనే. ఎర్ర వైన్‌కు రంగు తొక్క నుంచే రావాలి. పినో న్వార్ తొక్క పలుచనిది, దానిలో రంగు పదార్థం తక్కువ, పైగా చాలా ఎర్ర ద్రాక్షల్లో రంగును నిలబెట్టే ఒక తరహా పదార్థం ఇందులో అసలే లేదు. అందువల్ల గ్లాసును అచ్చు కాగితం మీద వంచి పట్టుకుంటే, కాబెర్నే అనే ముదురు రంగు ద్రాక్షతో చేసిన వైన్‌లోంచి కనిపించని అక్షరాలు పినో న్వార్‌లోంచి చదవగలిగేటంత స్పష్టంగా కనిపిస్తాయి. ఆల్కహాలు మాత్రం ఇతర ఎర్ర వైన్లలో లాగానే సుమారు 13 శాతం ఉంటుంది.

నా మటుకు నేను, రంగు మరీ ముదురుగా ఉన్న పినో న్వార్‌నే కొంచెం అనుమానంగా చూస్తాను. లేబుల్ మీద ద్రాక్ష పేరు వేయడానికి అమెరికా కేంద్ర నిబంధనల ప్రకారం ఆ ద్రాక్ష 75 శాతం ఉంటే చాలు, మిగతాది ముదురు రంగునిచ్చే వేరే ద్రాక్ష కావచ్చు. ఆరెగాన్ చట్టం పినో న్వార్ విషయంలో 90 శాతం ఉండాలని కోరుతుంది. ఈ పట్టుదల వల్లనే మా వైన్ల రంగు పలుచగా ఉంటుందని నేను గర్వంగానే చెబుతాను.

అపోహ: మంచి ద్రాక్షకు మండే ఎండ కావాలి, చల్లని చోట పండేది పుల్లగానే ఉంటుంది.

1965లో డేవిడ్ లెట్ అనే యువకుడు పినో న్వార్ మొక్కలను విలామెట్ లోయకు తెచ్చినప్పుడు, ఇక్కడి చలికీ వానకూ ఆ పంట నిలవదనే అందరూ అనుకున్నారు. మరుసటి సంవత్సరం ఆయన డండీ కొండల ఎర్రమట్టిలో తోట వేశాడు. ఆ తోటలో 1975లో పండిన పంటతో చేసిన వైన్, 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో ఫ్రాన్స్ దేశపు పేరున్న వైన్ల సరసన నిలిచింది. దానిని నమ్మలేక, ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో తరతరాలుగా వైన్ వ్యాపారం చేస్తున్న రాబర్ట్ డ్రూవాన్ 1980లో తన ఊళ్లోనే మళ్లీ పోటీ పెడితే, ఆరెగాన్ వైన్ రెండో స్థానంలో నిలిచింది. ఆ డ్రూవాన్ కుటుంబమే 1987లో వచ్చి డండీ కొండల్లో భూమి కొన్నది.

కారణం వాతావరణంలోనే ఉంది. ఈ ద్రాక్షకు చిగురు వేసినప్పటి నుంచి కోత వరకు సగటు ఉష్ణోగ్రత సుమారు 14 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ ఉన్న చోటు నప్పుతుంది. అంతకు మించి వేడి తగిలితే పండులో చక్కెర తొందరగా పెరిగిపోతుంది, పులుపు పడిపోతుంది, సువాసనలు రూపుదిద్దుకునే లోపే కోతకు వచ్చేస్తుంది. ఇక్కడ వేసవి పగళ్లు వెచ్చగా ఉన్నా, సాయంత్రమయ్యేసరికి పసిఫిక్ సముద్రపు గాలి కొండల మధ్య సందుల్లోంచి లోయలోకి దిగి రాత్రిని చల్లబరుస్తుంది. ఆ చల్లదనమే పులుపును కాపాడుతుంది. పులుపు అన్నంత మాత్రాన పండు పచ్చిదని అనుకోకూడదు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్లకు వేలాడిన అనాబ్-ఎ-షాహీ వంటి తినే ద్రాక్ష కంటే, కోతనాటి పినో న్వార్ తీపిగా ఉంటుంది. ఆ తీపి అంతా పులిసి ఆల్కహాలుగా మారుతుంది కాబట్టే తయారైన వైన్‌లో తీపి ఉండదు.

అపోహ: ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలి.

ఈ మాట పుట్టినది పొయ్యి వెచ్చదనం మీద ఆధారపడిన పాత యూరప్ చల్లని రాతి ఇళ్లలో. విజయవాడ గదికైనా, జూలైలో పోర్ట్‌లాండ్ గదికైనా అది వర్తించదు. పినో న్వార్‌కు 13 నుంచి 16 డిగ్రీలు సరిపోతుంది. ఒకసారి వేసవిలో ఒక కుటుంబం కారులో పెట్టుకుని తిరిగిన సీసాను తెచ్చి, ఈ వైన్ ఘాటుగా ఉంది, డబ్బు దండగయిందని బాధపడింది. ఆ సీసాను ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో పావుగంట ఉంచి మళ్లీ పోశాను. మొదటి గ్లాసులో ముక్కును పొడిచిన ఆల్కహాలు అణగిపోయి, దాని వెనుక దాగి ఉన్న చెర్రీ పండు వాసన పైకి వచ్చింది. సీసా అదే, వైన్ అదే. ఇంట్లో అయితే తాగడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. మరీ చల్లబరిస్తే వాసనలు ముడుచుకుపోతాయి, వగరు పైకి తేలుతుంది.

అపోహ: రుచిని వర్ణించాలంటే విదేశీ పండ్ల పేర్లు తెలిసి ఉండాలి.

నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే మనవాళ్లు గ్లాసు పట్టుకుని, వాసన స్పష్టంగా తెలుస్తున్నా, తప్పు చెబుతామేమోనని మౌనంగా ఉండిపోతారు. నిజానికి ఎర్ర వైన్ గురించి మాట్లాడటానికి తెలుగులో ఉన్న సదుపాయం చాలా గొప్పది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వైన్‌లోకి వచ్చే టానిన్ అనే పదార్థం వల్ల నాలుకకు కలిగే పట్టును ఏమనాలో తెలియక తడుముకునేవారిని రోజూ చూస్తుంటాను. మనకు వగరు అనే మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలేది వగరు, పచ్చి అరటికాయ కొరికితే నోరంతా పట్టేసేదీ వగరే. పినో న్వార్‌లో ఉండేది నేరేడు పాటి వగరు, కాబెర్నేలో ఉండేది అరటికాయ పాటి వగరు అని చెబితే ఏ తెలుగువారికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఒక శనివారం ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, తాను తాగనని చెప్పి, కొడుకు చేతిలోని గ్లాసును వాసన మాత్రం చూసి, "బాబూ, ఇది మా పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పుడు వచ్చే వాసన" అన్నారు. అది పదేళ్లు దాటిన పినో న్వార్. ఎండిన పొగాకు ఆకు, రాలిన ఆకులు, పుట్టగొడుగులు, తడిసిన మట్టి, ఇవి వయసు మీరిన పినో న్వార్‌లో పలికే వాసనలే. ఆవిడ చెప్పినంత సూటిగా ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు.

పద్ధతి కూడా కష్టమైనది కాదు. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి. కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి మరొకసారి వాసన చూడండి, రెండింటికీ తేడా ఉంటుంది. తరువాత చిన్న గుక్క తీసుకుని, వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. నాలుక పక్కల నీరూరితే అది పులుపు, చిగుళ్లు పట్టినట్లయితే అది వగరు. ఆపైన మింగవచ్చు, పక్కనున్న పాత్రలో ఉమ్మనూ వచ్చు. ఉమ్మడం అమర్యాద అని మనవాళ్లు సంకోచిస్తారు గాని, రోజుకు పదుల కొద్దీ వైన్లు చూసే మేమందరం చేసేది అదే.

అపోహ: గ్లాసు గోడల మీద చారలు కారితే అది గొప్ప వైన్.

ఆల్కహాలు నీటి కంటే ముందు ఆవిరవడం వల్ల, గాజు మీది పలుచని పొరలో తలతన్యత, అంటే ద్రవం పైపొరను బిగబట్టి ఉంచే గుణం, మారి ఏర్పడే చారలవి. వాటిని బట్టి ఆల్కహాలు ఉందని తెలుస్తుందే గాని, నాణ్యత తెలియదు.

అపోహ: రోజూ ఒక గ్లాసు ఎర్ర వైన్ గుండెకు మంచిది.

వైన్ పోయడం నా వృత్తి అయినా, ఈ మాటను నేను ఒప్పుకోను. ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. తాగని పెద్దలను మందులాగా తాగమని బలవంతపెట్టకండి.

అపోహ: మన వంటకు వైన్ నప్పదు.

వగరు, ఆల్కహాలు ఎక్కువైన వైన్ కారాన్ని మరింత మండిస్తుంది, అది నిజమే. పినో న్వార్‌లో వగరు తక్కువ, పులుపు ఎక్కువ కాబట్టి, మితమైన కారంతో చేసిన గుత్తి వంకాయ కూరకు, పుట్టగొడుగుల ఇగురుకు చక్కగా కుదురుతుంది. ఆవకాయ పక్కన మాత్రం ఏ వైనూ నిలవదు. శాకాహారులు ఇంకొక సంగతి గమనించాలి. కొందరు తయారీదారులు వైన్‌ను తేటపరచడానికి గుడ్డులోని తెల్లసొనను వాడతారు, కాబట్టి పట్టింపు ఉన్నవారు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

అపోహ: చలి, వాన ఎక్కువైన ఏడాది వైన్ కొనకూడదు.

ఇటీవలి దశాబ్దాలలో 2011 ఇక్కడ బాగా చల్లని సంవత్సరం. కోతలు నవంబరు దాకా సాగాయి, పండ్లు ఆలస్యంగా, కష్టంగా పక్వానికి వచ్చాయి. ఆ వైన్లు మొదట పలుచగా, పుల్లగా ఉన్నాయని చాలామంది పక్కన పెట్టారు. అందుకు పూర్తిగా భిన్నంగా 2021 జూన్ 28న పోర్ట్‌లాండ్‌లో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటింది. అటువంటి వేడి పదేపదే వస్తే ఈ లోయలో పినో న్వార్ ఏమవుతుందోనని మాలో ప్రతి ఒక్కరికీ దిగులుగా ఉంది. ఈమధ్య నేను తెరిచిన 2011 సీసాలో రంగు ఇటుక ఎరుపుకు తిరిగింది, ఎండిన గులాబీ, పుట్టగొడుగుల వాసన గ్లాసు నిండా ఉంది, మొదట అందరూ తప్పుపట్టిన ఆ పులుపే ఇన్నేళ్లూ దానిని నిలబెట్టింది. సీసా ఖాళీ అయ్యాక కూడా గ్లాసును చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను.