విశాఖలో పుకార్లకు ఇంత బలం ఎక్కడిది?

2020 మే 7 అర్ధరాత్రి. గోపాలపట్నం, పెందుర్తి, సింహాచలం వైపు జనం పిల్లల్నీ ముసలివాళ్లనీ బండ్లెక్కించుకుని రోడ్ల మీదకి వచ్చేశారు. ప్లాస్టిక్ ముడిసరుకు తయారుచేసే ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో మళ్లీ గ్యాస్ లీకైందని, ట్యాంకు పేలిపోతుందని ఫోన్ల నిండా మెసేజులు. ట్యాంకు పేలలేదు. పుకార్లు నమ్మొద్దని అధికారులు చెప్పుకొచ్చారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే రోడ్డెక్కిన వాళ్లలో చాలామంది ఆ రోజు తెల్లవారుజామున ఆ ప్లాంటు ట్యాంకు నుంచి లీకైన స్టైరిన్ అనే రసాయనం ఆవిరికి ఎక్కడివాళ్లక్కడ పడిపోవడం కళ్లారా చూసినవాళ్లే. 12 మంది చనిపోయారు. ప్లాంటులో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటున్నా ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తర్వాత తేల్చింది.

ఆ రాత్రి అసలు జరుగుతున్నది వేరే. ట్యాంకులో స్టైరిన్ ఇంకా వేడెక్కకుండా ఆపే రసాయనాన్ని గుజరాత్ వైపు నుంచి విమానంలో తెప్పించి వాడుతున్నారు. ఈ ముక్క ఎవరో ఒకరు మైకు పట్టుకుని ముందే చెప్పి ఉంటే చాలామంది ఇళ్లలోనే ఉండేవాళ్లని నా నమ్మకం. చెప్పకపోగా అధికారులే తలో మాట అన్నారు: ఒకరు మళ్లీ లీకవుతోందన్నారు, ఇంకొకరు ముందుజాగ్రత్తగానే ఖాళీ చేయిస్తున్నామన్నారు.

ఇదంతా వాట్సాప్ వచ్చాకే మొదలైందంటే నేను ఒప్పుకోను. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకుని దాదాపు 60 మంది చనిపోయినప్పుడు సెల్‌ఫోన్లు ఎంతమంది దగ్గరున్నాయి? అయినా వేలమంది ఊరొదిలి పరుగెత్తారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేసినప్పుడూ జనం పల్లెలకి తరలిపోయారు, అప్పుడు పత్రికల మీద యుద్ధకాలపు ఆంక్షలు. ప్రతిసారీ ప్రమాదం నిజమే, దాని గురించి నమ్మకంగా చెప్పేవాళ్లే లేరు.

పత్రికల మీద నమ్మకం ఇక్కడ ఒకప్పుడు తక్కువేం కాదు. ఈనాడు 1974 ఆగస్టులో మొదలైంది ఈ ఊళ్లోనే. ఏడాది తిరగకుండానే ఎమర్జెన్సీ సెన్సార్‌షిప్ వచ్చి పడింది. ఆ తర్వాత ఎప్పటికో, 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల్లా వేసిన వ్యవహారం మన రాష్ట్రంలోనూ బయటపడింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం ఆ పత్రికల పేర్లతో సహా నివేదిక రాస్తే, దాన్ని పూర్తిగా బయటపెట్టడానికి సమాచార కమిషన్ చెప్పాల్సి వచ్చింది. ఓటరు పేపరును అనుమానంగా చూడటంలో వింతేముంది?

ఇక స్టీల్ ప్లాంట్. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్నది. నూరు శాతం వాటాలు అమ్మేయాలని 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నిర్ణయిస్తే, ఇక్కడి జనానికి తెలిసింది ఫిబ్రవరిలో. అప్పటినుంచీ అమ్మేశారని ఒకరు, ఆగిపోయిందని ఇంకొకరు, కార్మికుల ఇళ్లలో ఒకటే టెన్షన్. ప్లాంటును నిలబెట్టడానికని కేంద్రం 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినా అనుమానం పోలేదు. నిజం చెప్పినా నమ్మలేని స్థితికి జనం వచ్చాక, ఎవరేం చేశారో చూసి ఓటేయడం ఎలా కుదురుతుంది?

తన గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో తేల్చే యూనిట్ పెట్టుకోవడానికి కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది. 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు వాటిని కొట్టేసింది, మంచి పని చేసింది. ఇంకో నిబంధన ఉంది, ఎవరికీ పట్టనిది. ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే పరిశ్రమ, ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో చుట్టుపక్కల జనానికి ముందే తెలియజేయాలని 1989 నుంచీ చట్టంలో ఉంది. గాజువాక, మల్కాపురం, పరవాడ చుట్టుపక్కల ఉంటున్న వాళ్లు మీ వీధిలో ఆ సమాచారం ఎవరైనా తెలుగులో ఇచ్చారేమో కనుక్కోండి, ఇవ్వకపోతే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి అడగండి.