దేవుని చిత్తం, జీవిత లక్ష్యం: నాకు తరచూ ఎదురయ్యే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

సంఘంలో యువతతో, మధ్యవయసువాళ్లతో కూర్చుని మాట్లాడటం పాస్టర్‌గా నా పనిలో పెద్ద భాగం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "పాస్టర్ గారూ, నా జీవితం పట్ల దేవుని చిత్తం ఏమిటో ఎలా తెలుసుకోవాలి?" కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటికొస్తుంది. రెండు ఉద్యోగాల్లో ఏది తీసుకోవాలి, ఈ సంబంధానికి ఒప్పుకోవాలా వద్దా, చదువు ఆపేసి సేవలోకి రావాలా.

నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. నేను ఎందుకు బతుకుతున్నాను అనేది ఒకటి, ఇప్పుడు ఎటు వెళ్లాలి అనేది ఇంకొకటి. మొదటిదానికి సంఘం ఎప్పుడో జవాబు చెప్పింది. విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే చిన్న పుస్తకం, 1647లో పూర్తయిన వెస్ట్‌మిన్‌స్టర్ లఘు ప్రశ్నోత్తరిలో మొట్టమొదటి ప్రశ్నే మనిషి ముఖ్య ఉద్దేశం ఏమిటని. దేవుణ్ణి మహిమపరచడం, ఎల్లకాలం ఆయనలో ఆనందించడం అని జవాబు. ఉద్యోగం ఉన్నవాడికీ, పోయినవాడికీ, మంచం పట్టినవాడికీ ఈ జవాబు ఒకటే. రెండో ప్రశ్నకు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో జవాబు, అదే మనిషికి పదేళ్ల తర్వాత ఇంకో జవాబు. రెండింటినీ కలిపేసుకున్నవాళ్లకు ఇంటర్వ్యూ పోయిన ప్రతిసారీ బతుక్కే అర్థం లేదనిపిస్తుంది. కింద రాసినవాటిలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

అపోహ: యిర్మీయా 29:11 అంటే త్వరలో నా పరిస్థితి మారుతుందన్న వాగ్దానం.

వాస్తవం: ఇంత ఇష్టంగా పంచుకునే వచనం మరొకటి లేదేమో, దాని ముందూ వెనకా చదవకుండా వాడేసే వచనం కూడా ఇదే. మీ గురించి నాకున్నవి హానికరమైనవి కావు, సమాధానకరమైన ఉద్దేశములే అని దేవుడు చెప్పే ఈ వచనం ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, పెద్దలను, చేతిపనివాళ్లను చెరపట్టుకుపోయాడు. యెరూషలేములోనే మిగిలిన యిర్మీయా వాళ్లకు ఈ ఉత్తరం రాశాడు. దానికి ముందున్న 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ఆయన ప్రకటించాడు. జనం చెవికి ఇంపైన మాట, పైగా దేవుని పేరున చెప్పిన మాట. అది అబద్ధం. యిర్మీయా ఉత్తరంలో ఉన్న లెక్క 70 ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది స్వదేశాన్ని మళ్లీ చూడరు.

మరి వాళ్లను ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరు చెరగా వెళ్లిన పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు (29:5-7). మనం ఎంతో ఇష్టపడే "సమాధానకరమైన ఉద్దేశములు" అన్న మాట 70 ఏళ్ల సంగతి చెప్పిన వెంటనే వస్తుంది.

ఈ వాక్యం మనకు చెందదని నేను అనను. చెందుతుంది, మొత్తం ఉత్తరంతో కలిపి. నచ్చని ఊళ్లోనో, నచ్చని ఉద్యోగంలోనో ఇరుక్కున్నామని వచ్చేవాళ్ల చేత నేను ముందు 5వ వచనం చదివిస్తాను, 11 తర్వాత. ఎందుకంటే "ఇది టెంపరరీ, నా అసలు జీవితం ఇంకా మొదలవలేదు" అనుకుంటూ ఏ స్నేహంలోనూ, ఏ సంఘంలోనూ నిలవకుండా ఏళ్లు గడిపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కావలసిన నడిపింపు "తోటలు నాటండి" అన్న మాటలోనే ఉంది.

అపోహ: దేవుడు నా కోసం ఒకే ఒక్క దారి గీసి పెట్టాడు. ఒక్క మలుపు తప్పితే ఇక అంతే.

వాస్తవం: భక్తిగల పిల్లల్ని బాగా టెన్షన్ పెట్టేది ఇదే. ఇది దేవుని చిత్తమని కొత్త నిబంధన సూటిగా చెప్పిన చోట్లు తీసి చూడండి. పరిశుద్ధంగా ఉండటం, జారత్వానికి దూరంగా ఉండటం (1 థెస్సలొనీకయులకు 4:3), ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెప్పడం (5:18). పాత నిబంధనలో మీకా 6:8 న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో దేవుని వెంట నడవడం అంటుంది. ఏ కాలేజీ, ఏ కంపెనీ అన్న సంగతి వీటిలో ఎక్కడా లేదు. పెళ్లి లాంటి పెద్ద విషయంలో కూడా, భర్త పోయిన స్త్రీ తనకు ఇష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే చేసుకోవాలి అని పౌలు రాశాడు (1 కొరింథీయులకు 7:39). ఒక హద్దు పెట్టాడు, ఆ హద్దు లోపల ఎంపిక ఆమెకే వదిలాడు. కాబట్టి రెండు మంచి దారులు ముందున్నప్పుడు ఒకటి ఎంచుకోండి. రెండోది ఎంచుకోలేదని దేవుడు అలగడు.

ఇక నిజంగానే దారి తప్పినవాళ్ల మాట. దేవుడు పంపిన చోటికి వెళ్లకుండా పారిపోయిన యోనాకు దేవుని వాక్కు రెండోసారి వచ్చింది. ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురుకే యేసు తన గొర్రెల్ని అప్పగించాడు. తప్పు చేస్తే దాని ఫలితం మాత్రం ఉంటుంది, అప్పులు తీర్చాల్సిందే, క్షమాపణ అడగాల్సిందే.

అపోహ: నిజమైన పిలుపు ఉన్నవాళ్లు ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ సేవకు వస్తారు.

వాస్తవం: ఫుల్‌టైమ్ సేవలో ఉన్న నేనే చెప్తున్నాను, ఇది నిజం కాదు. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పనులు చేసేవాడు. పౌలు డేరాలు కుట్టేవాడు. లూదియది ఊదారంగు సరుకు వ్యాపారం. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు తమ తమ పనుల్లో ఉంటూనే యాజకులని 1520లో మార్టిన్ లూథర్ జర్మన్ ప్రభువులను ఉద్దేశించి రాశాడు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ విలియం విల్బర్‌ఫోర్స్. 1785లో ఆయనకు 26 ఏళ్లు, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చాడు. రాజకీయాలు వదిలేయాలా అన్న మథనంతో జాన్ న్యూటన్ దగ్గరికి వెళ్లాడు. న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్, అప్పటికి లండన్‌లో పాదిరి. ఉన్నచోటే ఉండి దేవుణ్ణి సేవించమని ఆయన సలహా. 1807లో బానిసల వ్యాపారాన్ని బ్రిటిష్ పార్లమెంటు నిషేధించింది. 1833 జూలైలో బానిసత్వ రద్దు బిల్లు కామన్స్ సభలో గట్టెక్కిన మూడు రోజులకు విల్బర్‌ఫోర్స్ కన్నుమూశాడు. "రాజకీయాలెందుకు బాబూ, వచ్చి సువార్త చెప్పు" అని న్యూటన్ ఆ రోజు అని ఉంటే? ఎవరైనా రాజీనామా రాసుకుని నా దగ్గరికి వస్తే నాకు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది.

కొందరికి ఫుల్‌టైమ్ పిలుపు ఉంటుంది, కాదనను. అది వాళ్ల ఒక్కరికే వినబడితే సరిపోదు. బోధించే సామర్థ్యం, ఇంట్లో నడవడి, డబ్బు మీద ఆశ లేకపోవడం లాంటివి 1 తిమోతి 3లో ఉన్నాయి, వాటిని సంఘం చూడాలి. ఆఫీసు మీద విసుగు పిలుపు కాదు. సేవలో ఇంకా విసుగొచ్చే రోజులుంటాయి.

అపోహ: ద్వారం తెరుచుకుంది, మనసులో సమాధానం ఉంది, కాబట్టి ఇది దేవుని చిత్తమే.

వాస్తవం: ఈ రెండు గుర్తులూ యోనాకు ఉన్నాయి. యొప్పేకు వెళ్లేసరికి తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది, ప్రయాణానికి డబ్బూ ఉంది, ఎక్కి ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. వెళ్లాల్సింది నీనెవెకు. ఇటు గెత్సెమనేలో యేసు తండ్రి చిత్తానికి లోబడుతూనే వేదనతో చెమటోడ్చాడు. ఎఫెసులో తనకు మంచి ద్వారం తెరిచి ఉందని, ఎదిరించేవాళ్లు కూడా అనేకులున్నారని పౌలు ఒకే వాక్యంలో రాశాడు.

మనసును అసలు పట్టించుకోవద్దని కాదు. దాన్ని గమనించే పద్ధతి ఒకటి ఉంది. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా అనే స్పెయిన్ సైనికుడు (తర్వాత జెస్యూట్ సన్యాసుల సంఘాన్ని స్థాపించినవాడు) మంచాన పడ్డాడు. వీరుడిగా పేరు తెచ్చుకోవాలన్న ఊహలు వచ్చినంతసేపూ బాగుండేవి, పోయాక మనసు ఎండిపోయేది. క్రీస్తును వెంబడించాలన్న ఆలోచన మాత్రం పోయాక కూడా సంతోషాన్ని మిగిల్చేది. ఆ తేడా గమనించడం నుంచే ఆయన బోధ మొదలైంది. మనసు చీకటిగా ఉన్న సమయంలో, వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దని కూడా ఆయన నేర్పాడు. కాథలిక్కు ఆయన మాట మనకెందుకని కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, సలహా మంచిది.

అపోహ: గిద్యోనులా గుర్తు అడిగితే దేవుడు చెప్పేస్తాడు.

వాస్తవం: గిద్యోనుకు ఏం చేయాలో న్యాయాధిపతులు 6:14లోనే దేవుడు చెప్పేశాడు. నేల మీద పెట్టిన గొర్రెబొచ్చు మీద మాత్రమే మంచు పడాలని గుర్తు అడిగిన సంగతి వచ్చేది 36వ వచనం తర్వాత, "నీవు చెప్పినట్లు" అని ఆయనే ఒప్పుకుంటాడు కూడా. తెలియక అడగలేదు, భయమేసి అడిగాడు. దేవుడు ఓర్చుకున్నాడు. అంతే.

అపోహ: నా వయసు దాటిపోయింది.

వాస్తవం: ఫరో ముందు నిలబడినప్పుడు మోషేకు 80 ఏళ్లు, అహరోనుకు 83.

అపోహ: దేవుని ఉద్దేశం తెలిసినవాడికి నిరాశ రాదు, డిప్రెషన్ అంటే విశ్వాసం తక్కువన్నట్టే.

వాస్తవం: ఈ మాట వల్ల మనుషులకు హాని జరుగుతుంది. కర్మెలు కొండ మీద గెలిచిన వెంటనే ఏలీయా బదరీచెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, ఇదంతా రెండుసార్లు. కొత్త పని, తోడుగా ఎలీషా, ఆ తర్వాతే వచ్చాయి. వారాల తరబడి నిద్ర, ఆకలి చెడి, దేని మీదా ఆసక్తి లేనివాళ్లతో నేను జీవిత లక్ష్యం గురించి చర్చ పెట్టను, డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. చనిపోవాలన్న ఆలోచన చెప్తే ఆ రోజే, ఇంట్లోవాళ్లను తోడు పెట్టి. మందులు వాడుతూ ప్రార్థన చేసుకోవచ్చు, రెండింటికీ గొడవ లేదు.

అపోహ: ప్రవచనం చెప్పేవాళ్లు నా భవిష్యత్తు చెప్తే నేను అలాగే చేయాలి.

వాస్తవం: అపొస్తలుల కార్యాలు 21లో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో ఏం జరగబోతుందో చెప్పాడు. విన్నవాళ్లంతా వెళ్లొద్దని ఏడ్చారు. పౌలు ఆ మాటను కొట్టిపారేయలేదు, వెళ్లడం మానలేదు. సమస్తాన్ని పరీక్షించి మేలైనది పట్టుకోండి అని రాసింది కూడా ఆయనే. మీ గురించి ఎవరైనా ఒక మాట చెప్తే వాక్యంతో సరిచూడండి, మిమ్మల్ని చాలాకాలంగా ఎరిగిన ఇద్దరు ముగ్గురు విశ్వాసులకు చెప్పండి, తొందరపడకండి. "ఎవరికీ చెప్పకు, వెంటనే చేయాలి" అని గానీ, ఆ మాట కోసం డబ్బు అని గానీ అన్నారంటే ఇక పరీక్షించే పని కూడా లేదు, లేచి వచ్చేయండి.