క్రైస్తవ కాలేజీల మీద పరిశోధన: ప్రశ్న ఎవరిది, డబ్బు ఎవరిది?

పాత కాలేజీల గురించి తెలుసుకుందామని కూర్చుంటే ముందుగా చేతికొచ్చేవి శతజయంతి సంచికలు. మొదటి ప్రిన్సిపాల్ ఫొటో, శంకుస్థాపన రాయి, బంగారు పతకాల జాబితా, బిషప్ గారి ఆశీస్సులు. కష్టకాలం ఏదైనా ఉంటే దాన్ని ఒక్క పేరాలో తేల్చేస్తారు. ఇలాంటివి పది చదివినా ఒక ప్రశ్నకు మాత్రం జవాబు దొరకదు. పేరులో ఉన్న ‘క్రైస్తవ’ అనే మాట వల్ల ఆ కాలేజీలో చదువుకు వచ్చిన తేడా ఏమిటి?

అలా అడిగేవాళ్లు లేరని కాదు. ఈ ప్రశ్న చుట్టూ ఇవాళ ఒక చిన్న పరిశోధన రంగమే ఉంది. ‘క్రిస్టియన్ స్కాలర్స్ రివ్యూ’ 1970 నుంచి వస్తోంది. ఆండ్రూస్ యూనివర్సిటీ 1992లో క్రైస్తవ విద్యా పరిశోధనకే ఒక జర్నల్ మొదలుపెట్టింది. ‘క్రిస్టియన్ హయ్యర్ ఎడ్యుకేషన్’ అనే పేరుతోనే 2002లో ఇంకోటి పుట్టింది. దాన్ని టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురిస్తుంది. ఈ రంగం మీద వినిపించే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: రాసేదీ ఇంటివాళ్లే, దిద్దేదీ ఇంటివాళ్లే, చదివేదీ ఇంటివాళ్లే. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ ఆ ఇంటివాళ్లు ఏ రోజుల్లో కలం పట్టారో చూస్తే సంగతి ఇంకాస్త విప్పారుతుంది. కుతూహలం కొద్దీ రాసింది తక్కువ. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు రాసిందే ఎక్కువ.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు వచ్చారు. సభకు ముందే ఎనిమిది కమిషన్లు వేసి, దేశదేశాల్లో పనిచేస్తున్న మిషనరీలకు ప్రశ్నావళులు పంపారు. విద్య సంగతి మూడో కమిషన్‌ది, దానికి పెద్ద బర్మింగ్‌హామ్ బిషప్ చార్లెస్ గోర్. పోస్టులో వచ్చిన జవాబుల కట్టలు ముందేసుకుని రాసిన నివేదిక అది. వేర్వేరు దేశాల్లోని మిషన్ చదువుల్ని పక్కపక్కన పెట్టి చూసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో దాన్ని లెక్కించాలి. అయితే కాలేజీలు నడిపేవాళ్లనే కాలేజీలు ఎలా ఉన్నాయని అడిగారు. ఆసియా నుంచి వచ్చిన ప్రతినిధులు ఇరవై మంది దాకా ఉంటారేమో. వాళ్లలో ఒకరు డోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య, రెండేళ్ల తర్వాత అక్కడే బిషప్ అయినాయన. మీరు మాకు ఎన్నో ఇచ్చారు, ఇక స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని ఆయన ఆ సభలో అడిగిన మాట మిషనరీల నడవడి గురించే తప్ప కాలేజీల గురించి కాదు. అయినా ఆ ప్రశ్నావళుల కట్టలకు కూడా అది సరిగ్గా అతుకుతుంది. ఆ సభ ఊపులోనే 1912లో జె.హెచ్. ఓల్డమ్ సంపాదకుడిగా ‘ఇంటర్నేషనల్ రివ్యూ ఆఫ్ మిషన్స్’ త్రైమాసిక పత్రిక మొదలైంది. మిషన్ కాలేజీల మీద వాదోపవాదాలకు ఒక చోటు దొరికింది.

అమెరికాలో నిప్పు మరో వైపు నుంచి అంటుకుంది. 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ అధ్యాపకుల పెన్షన్ కోసం కోటి డాలర్లు తీసి పక్కన పెట్టాడు. అధ్యాపకుడు తన జీతంలోంచి దమ్మిడీ కట్టనక్కర్లేదు. షరతు మాత్రం ఉంది. కాలేజీ ఏ చర్చి శాఖ అదుపులోనూ ఉండకూడదు. ట్రస్టీల్లో ఎక్కువమంది ఫలానా శాఖవాళ్లే కావాలని చార్టర్‌లో, అంటే కాలేజీ స్థాపన పత్రంలో, రాసి ఉన్నా, అధ్యాపకుల్నో విద్యార్థుల్నో మతం అడిగి చేర్చుకుంటున్నా పెన్షన్ రాదు.

ఆ రోజుల్లో ఒక చిన్న చర్చి కాలేజీ ట్రస్టీల గదిలో మనమూ కూర్చున్నామనుకోండి. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి తాతల నాటి చార్టర్, రెండోది పెన్షన్ దరఖాస్తు. బయట వరండాలో ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న ముసలాయన ఉన్నాడు, చేతిలో చిల్లిగవ్వ లేదు. చార్టర్‌లో ఒక్క వాక్యం కొట్టేస్తే ఆయనకు బతికినంత కాలం పెన్షన్. ఎవరైనా ఏం చేస్తారు? కొన్ని కాలేజీలు ఆ వాక్యాన్ని కొట్టేశాయి. దేవుడి మీద అలిగి చేసిన పని కాదది, నాస్తికుల కుట్ర అంతకన్నా కాదు. పెన్షన్ కాగితం అంతే.

ఇంకా పెద్ద గొడవ టెనెస్సీలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ దగ్గర అయింది. పెత్తనం మెథడిస్టు బిషప్పులదా, ట్రస్టు బోర్డుదా అన్న తగాదా నడుస్తుండగానే, 1913లో అక్కడి వైద్య కళాశాలకు కార్నెగీ పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. మరుసటి ఏడు రాష్ట్ర సుప్రీంకోర్టు బోర్డు పక్షాన తీర్పు ఇవ్వడంతో చర్చి తెగతెంపులు చేసుకుంది. పట్టుదలగా వేరే యూనివర్సిటీలకు పూనుకుంది. అలా అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ లేచింది, దానికి పది లక్షల డాలర్లు ఇచ్చినాయన కోకా కోలా యజమాని ఏసా క్యాండ్లర్. ఉక్కు డబ్బుకు కూల్‌డ్రింకు డబ్బు జవాబు చెప్పిందన్నమాట.

అధ్యాపకుల స్వేచ్ఛ సంగతీ అప్పుడే ముందుకొచ్చింది. అమెరికా ప్రొఫెసర్ల సంఘం 1940లో చేసిన ప్రకటన మత సంస్థల కాలేజీలకు కొంత వెసులుబాటు ఇచ్చింది: ఆంక్షలేమైనా ఉంటే ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. 1970లో ఆ సంఘమే, చాలా మత కాలేజీలు ఇక ఈ మినహాయింపు కోరడం లేదని వ్యాఖ్య జోడించింది. విశ్వాస ప్రమాణం మీద సంతకం పెట్టి చేరిన అధ్యాపకుడు అదే విశ్వాసం మీద పరిశోధన చేస్తే ఎంతవరకు నమ్మాలి అన్న సందేహానికి మూలం ఇక్కడుంది.

మళ్లీ ఆసియాకు వద్దాం. చైనాలో మిషన్ కాలేజీల్ని పరిశీలించడానికి షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎర్నెస్ట్ బర్టన్ నాయకత్వంలో ఒక కమిషన్ వెళ్లింది. నివేదిక 1922లో వచ్చింది. అదే ఏడాది చైనా విద్యార్థులు క్రైస్తవ వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టారు. బోధించేది చైనా పిల్లలకైతే ప్రిన్సిపాల్ చైనావాడు ఎందుకు కాకూడదు, బైబిల్ క్లాసు తప్పనిసరి ఏమిటి అన్నవి వాళ్ల ప్రశ్నలు. కొన్నేళ్లలో ప్రభుత్వమూ అవే అడిగింది.

భారతదేశంలో ఆ పని 1930-31లో జరిగింది. ఆక్స్‌ఫర్డ్ బేలియల్ కాలేజీ అధిపతి ఎ.డి. లిండ్సే అధ్యక్షుడిగా, డాక్టర్ ఎస్.కె. దత్తా లాంటి భారతీయులు సభ్యులుగా వచ్చిన కమిషన్ అది. దేశమంతా సత్యాగ్రహంతో అట్టుడుకుతున్న రోజులు. మిషన్ కాలేజీల్లో చదివేవాళ్లలో ఎక్కువమంది హిందువులు, చాలాచోట్ల పాఠాలు చెప్పేవాళ్లలోనూ అంతే. అయితే ఈ కాలేజీలు ఎందుకు, ఎవరి కోసం?

1931లో అచ్చయిన లిండ్సే నివేదికలో నాకు నచ్చే భాగం ఈ ప్రశ్నకు చెప్పిన జవాబు కాదు, దారిలో పట్టుకున్న రోగం. యూనివర్సిటీ పరీక్షల చాకిరీలో పడి ఈ కాలేజీలు ట్యుటోరియల్ సెంటర్లలా తయారయ్యాయని, అధ్యాపకుడికి ఊపిరి సలపడం లేదని కమిషన్ గ్రహించింది. ప్రతి కాలేజీలో పరిశోధన, విస్తరణ విభాగం పెట్టండి, చుట్టుపక్కల పల్లెల అప్పులు, పంటలు, రోగాలు, చదువుల మీద పనిచేయండి అని సూచించింది. క్రైస్తవ కాలేజీ అంటే పరిశోధనకు గురి అయ్యేది మాత్రమే కాదు, పరిశోధన చేసేది కూడా కావాలని గట్టిగా చెప్పిన పత్రం నేను చూసినంతలో ఇదే. ఆర్థిక మాంద్యం ఒకవైపు, రాజకీయాలు ఇంకోవైపు. సూచనల్లో చాలామటుకు కాగితం మీదే ఉండిపోయాయి. సిలబస్ పూర్తి చేయడానికే టైమ్ చాలక టెన్షన్ పడే లెక్చరర్‌కు ఆ పేజీలు ఇప్పుడు చూపించినా నిన్న రాసినట్టే ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటివాళ్లలోనే ఒకాయన ఇల్లు అదిరేలా మాట్లాడాడు. మాన్సిన్యోర్ జాన్ ట్రేసీ ఎల్లిస్ కేథలిక్ పాదిరి, చరిత్రకారుడు. ఇన్ని కేథలిక్ కాలేజీలు పెట్టుకుని మనం పేరున్న పండితుల్ని ఎందుకు తయారు చేసుకోలేకపోయామని 1955లో ఫోర్డమ్ యూనివర్సిటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. తప్పు పక్కింటివాళ్ల వివక్ష మీదకు నెట్టలేదు, మన బద్ధకం సంగతేమిటన్నాడు. గొడవ గొడవైంది. 1967లో కేథలిక్ యూనివర్సిటీల పెద్దలు విస్కాన్సిన్‌లోని ల్యాండ్ ఓ లేక్స్‌లో కూర్చుని, యూనివర్సిటీకి చర్చి అధికారుల నుంచి కూడా స్వేచ్ఛ ఉండాలని ప్రకటించారు. దానికి రోమ్ జవాబు 1990లో పోప్ రెండో జాన్ పాల్ శాసనంగా వచ్చింది. ఈలోగా డాన్‌ఫర్త్ ఫౌండేషన్ డబ్బుతో 1966లో వచ్చిన సర్వే ఎనిమిది వందలకు పైబడిన చర్చి కాలేజీల్ని పరిశీలించింది. 1994లో చరిత్రకారుడు జార్జ్ మార్స్‌డెన్, 1998లో జేమ్స్ బర్చెల్ రాసిన పుస్తకాలు కాలేజీలు చర్చికి ఎలా దూరమయ్యాయన్న ఒకే రకం కథ చెప్పాయి. బర్చెల్ పదిహేడు కాలేజీల దస్త్రాలు తిరగేశాడు. బయటి శత్రువు వచ్చి ఎక్కడా ఏదీ లాక్కోలేదు. లోపలివాళ్లే, మంచి ఉద్దేశంతోనే, ఒక్కో మెట్టూ దిగారు. వరండాలో ముసలాయన లాంటివాళ్లే ప్రతిచోటా ఉన్నారు.

ఇక్కడ చరిత్ర చిన్న చమత్కారం చేసింది. 1905లో చర్చి కాలేజీల్ని గడప బయట నిలబెట్టిన ఆ కార్నెగీ ఫౌండేషన్‌కే 1979లో అధ్యక్షుడైన ఎర్నెస్ట్ బోయర్ ఓ చిన్న క్రైస్తవ కాలేజీలో చదువుకున్నవాడు. కొత్త విషయం కనిపెట్టడమే పరిశోధన కాదు, వేర్వేరు శాస్త్రాల్ని కలిపి చూడటం, జనానికి పనికొచ్చేలా చేయడం, బాగా బోధించడం కూడా పాండిత్యమేనని 1990లో ఆయన రాశాడు. వారానికి పదిహేను క్లాసులు చెప్పి అలసిపోయే చోట ఈ మాట ప్రాణం పోసినట్టయింది. ప్రమోషన్ ఫైళ్లలో బోయర్ పేరు కనిపించసాగింది. తర్వాత పుట్టిన జర్నళ్లలో పాఠం చెప్పే పద్ధతుల మీద, విద్యార్థి విశ్వాసం మీద వ్యాసాలు అంత ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

ఇప్పుడు వూహాన్. చైనాలో 1952 కల్లా మిషన్ యూనివర్సిటీలన్నీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో కలిసిపోయాయి. మిషన్ యూనివర్సిటీ అయిన యెంచింగ్ ఆవరణలోకి పెకింగ్ యూనివర్సిటీ వచ్చి చేరింది. మూడు దశాబ్దాలు వాటి పేరెత్తితే సామ్రాజ్యవాదపు మిగులు అన్న ముద్ర తప్పలేదు. కాలేజీలు పోయాయి గానీ వాటి కాగితాలు పోలేదు. న్యూయార్క్‌లో వాటి వ్యవహారాలు చూసిన బోర్డు దస్త్రాలన్నీ యేల్ డివినిటీ లైబ్రరీకి చేరాయి. 1980ల చివర్లో వూహాన్ నుంచి జాంగ్ కైయువాన్ అనే చరిత్రకారుడు అక్కడికి వెళ్లాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు నాన్‌కింగ్ మిషన్ యూనివర్సిటీలో చదివిన మనిషి. అక్కడి పెట్టెల్లో ఆయనకు తన పాత గురువు మైనర్ సర్ల్ బేట్స్ కాగితాలు కనిపించాయి. 1937లో జపాన్ సైన్యం నాన్‌కింగ్‌లో సాగించిన ఊచకోతను కళ్లారా చూసి, ఊరు వదలకుండా అక్కడే ఉండి, జపాన్ రాయబార కార్యాలయానికి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు రాసిన ప్రొఫెసర్ ఆయన. కాలేజీ చరిత్ర కోసం తీసిన పెట్టెలో ఓ దేశపు గాయానికి సాక్ష్యం దొరికింది.

1989లో వూహాన్‌లోనే చైనా క్రైస్తవ యూనివర్సిటీల చరిత్ర మీద తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. కాపాడుకోవాల్సిన కాలేజీ లేదు, సంతోషపెట్టాల్సిన బిషప్ లేడు, పెన్షన్ షరతు లేదు. అందుకే కాబోలు ఆ తర్వాత చైనాలో వచ్చిన పనిలో పొగడ్త తక్కువ, వివరం ఎక్కువ. ఎల్లిస్ వ్యాసం పక్కన నేను పెట్టగలిగేది దీన్నే. ఒకటి ఇంట్లోనే ఉండి నిలదీసినవాడిది, ఇంకోటి ఇల్లు కూలిపోయాక తిరిగొచ్చి చూసినవాడిది.

ఇప్పుడు క్రైస్తవ యూనివర్సిటీలు జోరుగా పుడుతున్నది ఆఫ్రికాలో. నైజీరియా 1999లో తొలిసారి మూడు ప్రైవేటు యూనివర్సిటీలకు లైసెన్సు ఇస్తే, అందులో బాబ్‌కాక్ అడ్వెంటిస్టులది, మడోన్నా కేథలిక్కులది. 2002లో ఒక పెంతెకొస్తు చర్చి కవనెంట్ యూనివర్సిటీ పెట్టింది. కాలేజీలు అక్కడ, వాటి మీద జర్నళ్లు ఇంకా అమెరికాలో, బ్రిటన్‌లో. వ్యాసాల్ని అచ్చుకు ముందు పరిశీలించే (పీర్ రివ్యూ) వాళ్లకు తెలిసిన ప్రశ్న ఇప్పటికీ పాతదే: చర్చికీ కాలేజీకీ దూరం ఎంత పెరిగింది? లాగోస్ పక్కన నిన్నగాక మొన్న చర్చే కట్టిన యూనివర్సిటీలో ఫీజు, ఉద్యోగం, విద్యార్థి హాస్టల్ క్రమశిక్షణ లాంటివి కదా అసలు ప్రశ్నలు. అవి రాస్తే స్థానిక విషయం, అంతర్జాతీయ పాఠకుడికి ఆసక్తి ఉండదు అనిపించుకునే ప్రమాదం ఉంది.

చదవడం దగ్గరా చిక్కే. వ్యాసం చందా కట్టినవాళ్లకే తెరుచుకుంటుంది, అందరికీ తెరవాలంటే రాసినవాళ్లే డాలర్లలో ఫీజు కట్టాలి. భారత ప్రభుత్వం 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లను మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో అందుబాటులోకి తెచ్చింది. జాబితాలో టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కూడా ఉంది. అయితే మొదటి దశ ప్రభుత్వ విద్యా సంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకే. చర్చిలు నడిపే కాలేజీలు ప్రైవేటు యాజమాన్యం కిందకే వస్తాయి కాబట్టి, ఆ పథకం కింద ‘క్రిస్టియన్ హయ్యర్ ఎడ్యుకేషన్’ లాంటి జర్నల్ తెరుచుకునేది పక్క వీధిలోని గవర్నమెంటు కాలేజీ లైబ్రరీలో.